కిటికీ కొట్టి అడిగిన మనిషి

సాఫ్ట్‌వేర్ కంపెనీలో ట్రావెల్ డెస్క్ అంటే టికెట్లు, వీసాలు అనుకుంటారు. చేరినప్పుడు నేనూ అలాగే అనుకున్నాను. టికెట్లు ఏజెంటు తెస్తాడు. వీసా కాగితాలు చూడటానికి వేరే మనిషి ఉంటాడు. మిగిలిన పని ఒకటే. ఎన్నడూ దేశం దాటని మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకొని, నువ్వు పోతున్న ఊళ్ళో నీ బ్యాగు మీద కన్నేసేవాళ్ళు ఉంటారని చెప్పాలి. చెప్పి, భయపడకుండా పంపాలి. మొదటి సగం ఎవరైనా చెయ్యగలరు. రెండో సగం నేర్చుకోవడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది. అది కూడా ఆఫీసులో కంటే ఇంట్లోనే ఎక్కువ నేర్చుకున్నాను.

ఇప్పుడు ఈ పనిలోకి వస్తున్న పిల్లల కోసం ఇది రాస్తున్నాను. ఫోన్లు మారాయి, కార్డులు మారాయి. వీధి దొంగలు చేసే పని పెద్దగా మారలేదు. దొంగతనం జరిగాక సొమ్ము పోయిన మనిషి చేసే పని అసలే మారలేదు.

మా బాస్ పాఠం

నేను చేరిన రోజుల్లో నగరం పడమటి వైపు ఐటీ కంపెనీలు ఒకదాని పక్కన ఒకటి లేస్తున్నాయి. ఇటు మొయినాబాద్ చుట్టూ ఇంజనీరింగ్ కాలేజీలు వచ్చాయి. మా కనకమామిడిలో పొలాలు ఫాంహౌజులవుతున్నాయి. నేను పొద్దున మెహదీపట్నం బస్సెక్కి, అక్కడ ఇంకో బస్సు మారి ఆఫీసుకు పోయేవాణ్ణి. ఆ బస్సులో నా పక్కన కడ్డీ పట్టుకొని నిలబడి వచ్చిన పిల్లలే కొన్నాళ్ళకు నా ముందు కూర్చొని, లండన్‌లో చలి ఎట్లా ఉంటుంది సార్ అని అడిగేవాళ్ళు.

మా బాస్ ముకుందరావు గారిది విజయవాడ వైపు. నిజాయితీ గల మనిషి, కష్టజీవి. భయపెడితే తప్ప ఎవరూ జాగ్రత్తగా ఉండరని ఆయన నమ్మకం. ప్రయాణానికి ముందు ఇచ్చే శిక్షణలో నేను చెప్పేవన్నీ ఆయన తయారుచేసిన మాటలే. ఎవరితోనూ మాట్లాడొద్దు. ఎవరినీ నమ్మొద్దు. పాస్‌పోర్టు పోగొట్టుకుంటే నిర్లక్ష్యం కింద లెక్క, తర్వాతి విమానంలో వెనక్కి. ఈ చివరి మాట వచ్చేసరికి ఆయన గది వెనక నిలబడి అందరి ముఖాలూ చూసేవారు.

ఆ భయం ఏం చేసేదో ఒక చిన్న సంగతి చెప్తాను. చేవెళ్ళ కుర్రాడు నర్సింలు మొదటిసారి సింగపూర్ పోతున్నాడు. పాస్‌పోర్టు ఒంటి మీదే ఉండాలని నేను చెప్పిన మాట ఇంట్లో చెప్పాడు. వాళ్ళమ్మ బనీను లోపల జేబు కుట్టింది. అందులో పాస్‌పోర్టు పెట్టి, జేబు పైభాగం కూడా కుట్టేసింది. బేగంపేట విమానాశ్రయం నుంచి నాకు ఫోన్ వచ్చింది.

"సార్, ఈడ జర కత్తెర దొరుకుతదా?"

"కత్తెర ఎందుకు?"

"అవ్వ నాలుగు దిక్కుల కుట్టేసింది సార్. పండ్లతోని కొరుకుతున్న, తెగుతలేదు. కౌంటర్ల మేడమ్ నన్ను జూసి సెక్యూరిటీని పిలుస్తున్నది."

ఆఫీసంతా చాలా రోజులు నవ్వుకుంది. నేనూ నవ్వాను. కాని ఆ తల్లికి అంత గట్టిగా కుట్టాలనిపించేలా చెప్పింది మేమే. అక్కరకు తీయలేనంత భద్రంగా పెట్టుకున్న వస్తువు ఉన్నా లేనట్టే. ఇది మనుషులకూ వర్తిస్తుందని అప్పుడు నాకు తట్టలేదు.

వెంటపడొద్దు

మా ఊళ్ళో ఎవరైనా సంచి లాక్కొని పరుగెత్తితే మనం చేసే పని ఒకటుంది. 'దొంగ, దొంగ' అని అరుస్తూ వెంటపడతాం. మనం అరవగానే చాయ్ దుకాణంలో ఉన్నవాళ్ళు, ఆటోవాళ్ళు, కూరగాయలమ్మే ఆడవాళ్ళు అందరూ లేస్తారు. పది అడుగులు పడేసరికి వాడి వెనక సగం బజారు ఉంటుంది. మన ధైర్యం మన ఒక్కరిది కాదు, వెనక వచ్చేవాళ్ళది.

శ్రీకాంత్ అనే మా టెస్టర్ జొహానెస్‌బర్గ్‌లో అదే చేశాడు. పట్టపగలు, రద్దీ వీధిలో, ఒకడు భుజం మీది ల్యాప్‌టాప్ బ్యాగు లాగాడు. శ్రీకాంత్ అరుస్తూ పరుగెత్తాడు. రెండు మలుపులు తిరిగాక వెనక్కి చూశాడు. ఎవరూ లేరు. ముందు ముగ్గురున్నారు. అరచేతికి కుట్లు పడ్డాయి, కుడి చెయ్యి చిటికెన వేలు ఇప్పటికీ సరిగా ముడుచుకోదు.

"నేను ఉరుకుతుంటె అందరు వస్తున్నరనే అనుకున్న సార్," అన్నాడు తిరిగి వచ్చాక. "అడుగుల చప్పుడు కూడ వినవడ్డట్టే ఉండె."

ఆ మాట విన్నాక, ధైర్యవంతులు కావద్దు అని చెప్పడం మానేశాను. ఎవరూ తమను ధైర్యవంతులనుకొని పరుగెత్తరు. అలవాటు కొద్దీ పరుగెత్తుతారు. అందుకని ఇట్లా చెప్పేవాణ్ణి: అక్కడ నీ వెనక ఎవరూ రారు. బ్యాగు ఇచ్చెయ్యి. కంపెనీ ల్యాప్‌టాప్ కంపెనీ కొనుక్కుంటుంది.

రూత్

మా ఆవిడ సరోజ చేవెళ్ళలో ప్రభుత్వ హైస్కూల్లో తెలుగు టీచరు. పోయిన ఏడాది చనిపోయింది. ఈ పనికి సంబంధించి నాకు తెలిసిన ముఖ్యమైన విషయం ఆమె వల్ల తెలిసింది కాబట్టి ఆమె గురించి చెప్పాలి.

శని ఆదివారాలు డెస్క్ మూసి ఉండేది. అందుకని బయటి దేశం పోయే ప్రతి ఒక్కరికీ మా ఇంటి ఫోను నంబరు ఇచ్చేవాణ్ణి. ఒక ఆదివారం మధ్యాహ్నం ఆ ఫోను మోగింది. నేను పెరట్లో బెండ చెట్లకు పాదులు చేస్తున్నాను. సరోజ ఎత్తింది. అవతలి మాటలు ఆమె తర్వాత నాకు చెప్పినవి.

"మేడమ్, సార్ ఉన్నరా? ఒక చిన్న డౌట్ అడుగుదామని చేసిన. నేను రూత్‌ని, బ్రస్సెల్స్ నుంచి."

రూత్ మా మండలం పిల్లే. నగరం మధ్యలో ఉన్న హిమాయత్‌నగర్ కాదు, మొయినాబాద్ దగ్గరి హిమాయత్‌నగర్. తండ్రి ఒక ఫాంహౌజుకు కాపలా, తల్లి కూలికి పోయేది. వాళ్ళ చర్చిలో కంప్యూటరు ఉద్యోగం వచ్చిన మొదటి ఆడపిల్ల. బ్రస్సెల్స్‌లో క్లయింటు దగ్గరికి వెళ్ళి అప్పటికి మూడు వారాలు కూడా కాలేదు. శిక్షణలో ముందు వరసలో కూర్చొని ప్రతి మాటకూ తల ఊపిన పిల్ల.

"హిమాయత్‌నగర్ రూతమ్మవా? చెప్పు బిడ్డా."

"ఏం లేదు మేడమ్. ఈడ నా ఫ్రెండ్ ఒకామెది పాస్‌పోర్టు పోయింది. డూప్లికేట్ ఎట్ల తీస్కోవాల్నో సార్‌ని అడుగుమన్నది."

"సార్‌ని పిలుస్త. నువ్వు మంచిగున్నవా? అన్నం తిన్నవా?"

"మంచిగనే ఉన్న మేడమ్."

"తిన్నవా బిడ్డా?"

"లేదు మేడమ్," అని ఏడ్చింది రూత్. "నిన్నటి సంది తినలే. పోయింది నాదే."

నేను చేతులు తుడుచుకుంటూ లోపలికి వచ్చేసరికి సరోజ నిలబడి వింటోంది. రిసీవర్ నాకిచ్చింది. నా నోటికి వచ్చిన మొదటి మాట, "బ్యాగు యాడ పెట్టినవ్ అసలు?"

సరోజ రిసీవర్ మీద చెయ్యి పెట్టింది.

"గది రేపు అడుగుండ్రి. ఇంటి తాళంచెవి గూడ ఆ బ్యాగులనే ఉన్నదట. ముందు గా సంగతి జూడుండ్రి."

జరిగింది ఇది. గురువారం సాయంత్రం ఆఫీసు నుంచి ఇంటికి పోయే రైలెక్కి, రూత్ కిటికీ దగ్గర కూర్చుంది. బ్యాగు పక్క సీట్లో పెట్టింది. బండి ఇంకా కదల్లేదు. ప్లాట్‌ఫాం మీద ఒక పెద్దమనిషి వచ్చి కిటికీ అద్దం మీద కొట్టాడు. చేతిలో కాగితం చూపించి, ఈ బండి ఫలానా చోటికి పోతుందా అన్నట్టు సైగ చేశాడు. రూత్ అద్దం దగ్గరికి వంగి కాగితం మీది పేరు చదివి, పోదని చెయ్యి ఊపింది. పక్క ప్లాట్‌ఫాం చూపించింది. ఆయన దండం పెట్టినట్టు తల వంచి వెళ్ళిపోయాడు. ఇటు తిరిగేసరికి పక్క సీటు ఖాళీగా ఉంది.

వాళ్ళు ఇద్దరు. ఒకడు బయట అడుగుతాడు, ఇంకొకడు లోపల తీసుకుంటాడు.

పర్సు కోటు జేబులో ఉంది కాబట్టి మిగిలింది. పోయిన బ్యాగులో పాస్‌పోర్టు, తాళంచెవి, ఆమె ఉండే ఫ్లాటు చిరునామా ఉన్న మా కంపెనీ ఉత్తరం ఉన్నాయి. ఇంటి యజమానురాలితో తాళంచెవి ఆఫీసులో మరిచిపోయానని అబద్ధం చెప్పి, రెండోది తీసుకొని లోపలికి పోయింది. తాళం మారలేదు. ఎవరి దగ్గరో ఆ తలుపు తాళంచెవీ ఉంది, చిరునామా కూడా ఉంది. రోజూ చీకటి పడగానే తలుపుకు బల్ల అడ్డం పెట్టి, దాని మీద గిన్నెలు పేర్చి కూర్చునేది. ఎవరైనా తోస్తే చప్పుడవుతుందని.

"గిదంత ఎందుకు జేసినవమ్మా? గురువారమే ఎందుకు చెప్పలే?" అని అడిగాను.

"మీరే చెప్పిన్రు గద సార్, పాస్‌పోర్టు పోతె వాపస్ పంపుతరని. బాపు అందరికి చెప్పుకున్నడు. పాస్టరుగారు చర్చిల నిలవెట్టి ప్రార్థన చేసి పంపిన్రు. మూడు వారాలకే ఏం మొకం వెట్టుకొని రావాలె?"

ఆమె బల్ల అడ్డం పెట్టింది దొంగలకు. నోరు మూసుకున్నది మా వల్ల.

"మీ ప్రాజెక్టుల మనోళ్ళు ఎవరన్న ఉన్నరా?"

"ప్రసాదన్న, వాళ్ళ మిసెస్ ఉన్నరు. కని వాళ్ళకు చెప్తె పొద్దుగాల్ల వరకు ఆఫీసుల అందరికి తెలుస్తది సార్."

"తెల్వనియ్. ఇప్పుడే ఆ ఇల్లు వదిలి వాళ్ళింటికి పో. పోయి నాకు ఫోన్ చెయ్. తాళం మార్చేదాంక ఆ ఇంట్ల అడుగు వెట్టకు."

"సార్, వాపస్ పంపుతరా?"

అది నా చేతిలో లేదు. సరోజ నా ముఖం చూసి రిసీవర్ తీసుకుంది.

"రూతమ్మా, ముందు వాళ్ళింటికి పోయి ఇంత తిను. సార్ రేపు ఆఫీసుల మాట్లాడుతరు."

ఆ సాయంత్రమే ప్రసాద్ ఇంటి నుంచి ఆమె ఫోన్ చేసింది. ఇంటి యజమానురాలికి ప్రసాద్ భార్య నిజం చెప్పింది. మర్నాడు తాళం మార్చారు. ఆ తాళంచెవితో ఎవరైనా వచ్చారా అని మీరడిగితే, వచ్చిన ఆధారం ఏమీ లేదు. రాకపోయి ఉండవచ్చు. కాని ఆ నాలుగు రోజులూ వాళ్ళు రావచ్చు, ఒంటరి ఆడపిల్ల లోపల ఉంది, ప్రపంచంలో ఎవరికీ తెలియదు. పాస్‌పోర్టు పోవడం చిన్న విషయం. ప్రమాదమంతా ఆ తర్వాత ఉంది.

ముకుందరావు గారి గది

సోమవారం ముకుందరావు గారికి చెప్పాను. ఆయన వినగానే నిర్ణయించుకున్నారు.

"మొదటిసారి వెళ్ళింది, మూడు వారాలు తిరక్కుండా పోగొట్టింది. పైగా దాచింది. వెనక్కి పిలిపిద్దాం అనంతయ్య గారూ. లేకపోతే మిగతావాళ్ళకి భయం ఉండదు."

"పిలిపిస్తె మిగతావాళ్ళకు ఒక్కటే తెలుస్తది సార్. పోతె చెప్పొద్దని."

"అంటే పోగొట్టుకున్నవాళ్ళకి సన్మానం చెయ్యమంటారా?"

"సన్మానం వద్దు సార్. పోయిన గంటల ఫోన్ చేసేటట్టు చేద్దాం. పోగొట్టుకున్నందుకు ఎవ్వరిని వాపస్ పిలిచేది లేదని రాసియ్యుండ్రి."

ఆయన ఒప్పుకోలేదు. చాలాసేపు వాదించుకున్నాం. ఆమె గురువారమే చెప్పి ఉంటే శుక్రవారం తాళం మారేది, పోలీసు ఫిర్యాదు అయ్యేది, రాయబార కార్యాలయానికి పోయేది. ఆమె నిర్లక్ష్యం చేసింది ఒక్క నిమిషం. మిగిలిన రోజులు మా శిక్షణ ప్రకారమే నడుచుకుంది. ఇదంతా చెప్పాను. చివరికి, "మీరు ఇన్ని దేశాలు తిరిగిన్రు. మీకెన్నడు ఏం పోలేదా సార్?" అని అడిగాను. వాదనలో గెలవడానికి అడిగింది కాదు, నిజంగానే తెలుసుకోవాలనిపించింది.

ఆయన కుర్చీలో వెనక్కి వాలారు. "ఫ్రాంక్‌ఫర్ట్‌లో వాచీ," అన్నారు. "మా మావగారు పెట్టింది. ఒకడు టైమెంతని అడిగాడు, చేయి పట్టుకొని చూశాడు, అంతే. మా ఆవిడతో హోటల్లో మర్చిపోయానని చెప్పాను. ఇప్పటికీ ఆ హోటలు వాళ్ళని తిడుతూనే ఉంటుంది."

ఇద్దరం నవ్వాం. ఆ నవ్వు తర్వాత ఆయన ఫోను తీసి ప్రాజెక్టు మేనేజరుతో మాట్లాడారు. రూత్ వెనక్కి రాలేదు. అక్కడ పని పూర్తయ్యేదాకా ఉంది. వెనక్కి పిలవడం గురించిన ఆ మాట శిక్షణలోంచి తీసేశారు. నేను చూసిన పైఅధికారుల్లో, తన మాట తప్పని తెలిశాక దాన్ని అదే వారం మార్చినవాళ్ళు తక్కువ.

ముందు చెయ్యి, తర్వాత మాట

ఆ వారం ఇంట్లో ఒక చర్చ జరిగింది. కిటికీ కొట్టినా, దారి అడిగినా పలకొద్దని శిక్షణలో కలుపుతానన్నాను. సరోజ చేవెళ్ళ నుంచి బస్సులో వచ్చి అప్పుడే సంచి దించింది.

"మొయినాబాద్‌ల బస్సు ఆగితె మీరేం జేస్తరు?" అంది.

ఏం చేస్తామో ఇటువైపు వాళ్ళందరికీ తెలుసు. బస్సు ఆగగానే కింద ఉన్న పెద్దవాళ్ళు బస్సు రేకు మీద కొట్టి, కిటికీలో కూర్చున్నవాళ్ళను అడుగుతారు. 'ఇది మెహదీపట్నం పోతదా బిడ్డా?' బోర్డు చదవరాని వాళ్ళు, చదవ వచ్చినా బోర్డును నమ్మనివాళ్ళు. కిటికీ సీటు దొరికిన మనిషికి అది ఒక బాధ్యత. జవాబు చెప్పకుండా ముఖం తిప్పుకున్నవాణ్ణి నేను ఎన్నడూ చూడలేదు. రూత్ పుట్టినప్పటి నుంచీ ఆ బస్సుల్లో తిరిగింది. బ్రస్సెల్స్‌లో ఎవరో అద్దం కొట్టగానే ఆమె వంగింది.

"పలకొద్దంటె వాళ్ళు ఇనరు," అంది సరోజ. "ఇన్నా నాకు మంచిగనిపియ్యదు. చెప్పుమనుండ్రి. కని ముందు చెయ్యి సంచి మీద వెట్టుకొని చెప్పుమనుండ్రి."

తర్వాతి శిక్షణలో ముందుగా ఒక ప్రశ్న అడిగాను. మీరు కిటికీ దగ్గర కూర్చున్నారు, కింద నుంచి ఒక ముసలాయన అడిగాడు, ఎంతమంది జవాబు చెప్తారు? గదిలో అన్ని చేతులూ లేచాయి. చేతులు లేపినవాళ్ళ బ్యాగులన్నీ కుర్చీల పక్కన నేల మీదే ఉన్నాయి. అది చూపించాను. ఎవరినీ భయపెట్టాల్సిన పని లేకపోయింది. రిటైరయ్యేదాకా అట్లాగే మొదలుపెట్టాను. తాళంచెవి, చిరునామా ఒకే సంచిలో ఉండకూడదని, పాస్‌పోర్టు నకలు ఇంట్లో ఒకరి దగ్గర ఉంచమని, మీద పడితే వస్తువు ఇచ్చెయ్యమని చెప్పేవాణ్ణి. ఇవన్నీ మీకు ఎక్కడైనా దొరుకుతాయి.

దొరకనిది ఒకటుంది. ఫోను ఎత్తేవాళ్ళు మీరు. అవతల ఉన్న మనిషి అప్పటికే తనను తాను తిట్టుకొని ఉంటాడు. ఎట్లా పోయింది, ఎందుకు చూసుకోలేదు అని మీరు మొదలుపెడితే, సగం నిజం చెప్పి ఫోను పెట్టేస్తాడు. మిగతా సగంలోనే తాళంచెవి ఉంటుంది. దెబ్బలు తగిలాయా, ఇప్పుడు ఎక్కడున్నావు, తిన్నావా. ముందు ఇవి అడగండి. ఎట్లా జరిగిందో మర్నాడు అడగవచ్చు. అది ఎక్కడికీ పోదు.

ఇంకొక్క మాట

సరోజ పోయినప్పుడు ఇంటికి చాలామంది వచ్చారు. చుట్టాలు, ఆమె దగ్గర చదువుకున్నవాళ్ళు, నా ఆఫీసువాళ్ళు. అందరూ మంచివాళ్ళే. అందరూ ఒకే విధంగా అడిగారు. ఎట్లయింది? ముందుగాల ఎందుకు గుర్తువట్టలే? ఏ దవాఖానకు తీస్కపోయిన్రు? ఇంకోచోట చూపెట్టకపోయిన్రా? నేను ప్రతి ఒక్కరికీ మొదటి నుంచి చెప్పాను. చెప్పిన ప్రతిసారీ, ఎక్కడ జాగ్రత్తగా లేనో నాకే కనబడేది. మంచిగున్నారా అంటే మంచిగున్నానని చెప్పాను.

రూత్ మూడో రోజు వచ్చింది. ఇప్పుడు ఆమె కింద చాలామంది పనిచేస్తారు, వాళ్ళను తానే దేశాలు పంపుతుంది. బ్యాగు ఒళ్ళో పెట్టుకొని, దాని మీద చెయ్యి వేసి, నా ఎదుటి కుర్చీలో కూర్చుంది. సరోజ ఫోటో వైపు చాలాసేపు చూసింది. ఎట్లయిందని అడగలేదు.

"తిన్నరా సార్?" అంది.

తిన్నానని చెప్పబోయాను. నోటి దాకా వచ్చింది. పక్క గదిలో నిద్రపోతున్న చుట్టాలకు కూడా అదే చెప్పాను.

"లేదమ్మా," అన్నాను. "నిన్నటి సంది తినలే."

ఆమె బ్యాగు కుర్చీ పక్కన నేల మీద పెట్టి, వంటింట్లోకి పోయింది.